తండ్రి ముఖం కనబడే ప్రింటు: ల్యూక్ ఫైల్డ్స్ ‘ది డాక్టర్’ కాన్వాస్ ప్రతిపై సమీక్ష

ఇరవై రెండేళ్లుగా కాకినాడలో పిల్లల వైద్యుడిగా పనిచేస్తున్నాను. నిరుడు క్లినిక్‌ను కొత్త భవనంలోకి మార్చినప్పుడు వెయిటింగ్ హాలులో, బెంచీలకు ఎదురుగా, కిటికీ గానీ అల్మరా గానీ లేని పెద్ద గోడ ఒకటి మిగిలింది. మందుల కంపెనీల క్యాలెండర్లూ, నవ్వే పసిపాపల పోస్టర్లూ ఆ గోడకు వద్దనుకున్నాను. నేను చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసరుగారి గదిలో, ఆయన కుర్చీ వెనుక, అంచులు పసుపెక్కిన నలుపు తెలుపు బొమ్మ ఒకటి పటం కట్టి ఉండేది. గడ్డం ఉన్న ఒక వైద్యుడు, రెండు కుర్చీలు కలిపి వేసిన పక్క మీద పడుకున్న ఒక బిడ్డ. అది ల్యూక్ ఫైల్డ్స్ అనే ఆంగ్లేయ చిత్రకారుడు వేసిన ‘ది డాక్టర్’ అని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. ఆ చిత్రాన్నే రంగుల్లో, కాన్వాస్ మీద, మా గోడకు తగినంత పెద్దదిగా తెప్పించుకోవాలని నిశ్చయించుకున్నాను. అందుకు రెండుసార్లు డబ్బు పెట్టవలసి వచ్చింది. మొదట వచ్చిన ప్రింటును నెల తిరగకుండానే గోడ మీది నుంచి దించేశాను. రెండోది ఎనిమిది నెలలుగా అక్కడే ఉంది. ఆ రెండింటికీ తేడా ఎక్కడ వచ్చిందో వివరంగా చెబితే, ఇదే చిత్రాన్ని ఇంటికో ఆసుపత్రికో తెచ్చుకోవాలనుకునేవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా అసలు చిత్రంలో ఏముందో చెప్పాలి. అది తెలియకపోతే ప్రతిలో ఏది పోయిందో పోల్చుకోలేము. ఒక పేద ఇంటి గది. ఒకదానికొకటి జత కాని రెండు కుర్చీలను కలిపి, వాటి మీద దిండు పెట్టి బిడ్డను పడుకోబెట్టారు. బిడ్డ చెయ్యి ఒకటి పక్క దాటి బయటికి వాలిపోయి ఉంది. పక్కనే కుర్చీలో ముందుకు వంగి, గడ్డానికి చెయ్యి ఆనించుకుని వైద్యుడు బిడ్డ ముఖంలోకే చూస్తున్నాడు. ఎడమవైపు బల్ల మీద దీపం ఉంది. దాని దగ్గర మందు సీసా, చెంచా వేసి ఉన్న కప్పు ఉన్నాయి. నేల మీద కాగితం ముక్కలు పడి ఉన్నాయి. వెనుక, చీకటి పట్టిన భాగంలో, తల్లి బల్ల మీద చేతుల్లో తల దాచుకుని కూలబడి ఉంది. ఆమె భుజం మీద చెయ్యి వేసి తండ్రి నిలబడి వైద్యుడి వైపు చూస్తున్నాడు. కిటికీలోంచి తెల్లవారుతున్న వెలుగు కొద్దికొద్దిగా లోపలికి వస్తోంది. రాత్రంతా వెలిగిన దీపం వెలుగు ఒకటి, అప్పుడే మొదలవుతున్న పగటి వెలుగు ఒకటి: చిత్రం మొత్తం ఈ రెండు వెలుగుల మధ్యనే నడుస్తుంది. మొదటిది పసుపు, రెండోది నీలం కలిసిన బూడిద రంగు. ప్రాణాంతకమైన జబ్బులో గండం గడిచే వేళ వేకువేనని, ఆ వెలుగుతోపాటే తల్లిదండ్రుల గుండెల్లోకి ఆశ తిరిగి వస్తోందని చిత్రకారుడే వివరించాడు.

ఈ చిత్రానికి డబ్బు పెట్టినవాడు పంచదార వ్యాపారంలో గడించిన హెన్రీ టేట్. ఆయన తన సేకరణ కోసం 1890లో ఫైల్డ్స్‌కు చిత్రం పురమాయించి, ఏ విషయం మీద వేయాలన్నది చిత్రకారుడికే వదిలేశాడు. ప్రతిఫలం 3,000 పౌండ్లు. ఫైల్డ్స్ మనసులో ఉన్న విషయం అప్పటికే పాతది. 1877 క్రిస్మస్ నాడు ఆయన కొడుకు ఫిలిప్ చనిపోయాడు. ఆ పిల్లవాడిని కనిపెట్టుకుని ఉన్న డాక్టర్ ముర్రే అనే వైద్యుడి ఓర్పు, శ్రద్ధ ఆ తండ్రి మనసులో ముద్ర వేశాయి. చిత్రం కోసం ఫైల్డ్స్ ఇంగ్లండులోని డెవన్ తీరంలో చేపలు పట్టేవారి ఇళ్లకు వెళ్లి స్కెచ్‌లు వేసుకున్నాడు. తర్వాత లండన్‌లోని తన స్టూడియోలో అలాంటి ఇంటి లోపలి భాగాన్ని నిజమైన కొలతల్లో కట్టించుకుని, అందులో దీపం వెలుగూ పగటి వెలుగూ ఎలా కలుస్తాయో చూసి వేశాడు. 1891లో రాయల్ అకాడమీలో ప్రదర్శించినప్పుడు జనం విరగబడి చూశారు. ఇప్పుడది లండన్‌లోని టేట్ బ్రిటన్ అనే చిత్రశాలలో ఉంది. అది ఎత్తు 166.4, వెడల్పు 241.9 సెంటీమీటర్లు ఉండే పెద్ద చిత్రం. మన లెక్కలో దాదాపు ఐదున్నర అడుగుల ఎత్తు, ఎనిమిది అడుగుల వెడల్పు.

వైద్యం మీద వచ్చిన వాస్తవిక చిత్రాల్లో ఇంతకంటే గొప్పవి ఉన్నాయని వాదించేవారితో నాకు పేచీ లేదు. థామస్ ఈకిన్స్ 1875లో వేసిన ‘ది గ్రాస్ క్లినిక్’ నా దృష్టిలో చిత్రకళగా దీనికంటే గట్టిది. ఫిలడెల్ఫియాలో శస్త్రచికిత్స చేస్తూ, నెత్తుటి చేతిలో కత్తి పట్టుకుని, విద్యార్థుల వైపు తిరిగి ఒక్క క్షణం ఆగిన సర్జన్ అందులో కనిపిస్తాడు. కాని జ్వరంతో వచ్చిన నాలుగేళ్ల పిల్లవాడి ఎదుట ఆ నెత్తుటి చెయ్యి పెట్టలేను. పికాసో పదిహేనేళ్ల వయసులో, 1897లో వేసిన ‘సైన్స్ అండ్ చారిటీ’లో వైద్యుడు రోగి నాడి చూస్తుంటాడు, కాని ఆ స్త్రీ ముఖంలో ప్రాణం మీద ఆశ కనబడదు. ‘ది డాక్టర్’లో ఉన్నది ఇంకా తేలని రాత్రి. మా హాలులో కూర్చునేవారి స్థితి కూడా అదే.

ఇక ప్రింట్ల సంగతి. ఫైల్డ్స్ 1927లో మరణించాడు కనుక ఈ చిత్రానికి కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అందువల్ల ఆన్‌లైన్‌లో వెతికితే ఇదే చిత్రం పదుల ప్రతులు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ ఒక్కో రంగులో ఉంటుంది. ఒకటి ఎర్రగా, ఒకటి పచ్చగా, మరొకటి బొగ్గులో ముంచినట్టుగా. నేను మొదట ఒక ఆన్‌లైన్ విక్రేత దగ్గర 36 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉన్నదాన్ని 2,900 రూపాయలకు కొన్నాను. చట్రానికి బిగించి, గోడకు తగిలించుకోవడానికి సిద్ధంగా, చక్కగా అట్టపెట్టెలో వచ్చింది. ప్యాకింగులో ఏ లోపమూ లేదు. విప్పి హాలులో నిలబెట్టినప్పుడు దూరం నుంచి బాగానే అనిపించింది కూడా. దగ్గరికి వెళ్లాక తెలిసింది, ఆ చిత్రంలో తండ్రి లేడు.

లేడంటే పూర్తిగా లేడని కాదు. వెనుక గోడ ఉండవలసిన చోటంతా ఒకే నల్లటి ముద్ద. అందులో తండ్రి ముఖం ఉన్న చోట గోధుమరంగు మరక. తల్లి భుజం మీద ఉన్న చెయ్యి ఆ నలుపులో కలిసిపోయింది. కిటికీ వెలుగులో ఉండవలసిన నీలి ఛాయ మాయమై, అదీ దీపంలాగే పసుపుగా మారింది. ఒక్క వైద్యుడి ముఖమూ, బిడ్డ దిండూ మాత్రం మెరిసిపోతున్నాయి. వార్నిష్ పాతబడిన చిత్రంలా రంగు తెప్పిస్తే పురాతనంగా కనబడుతుందని కొందరు కావాలనే ఇలా చేస్తారట. ఫలితం ఏమిటంటే, నలుగురు మనుషుల కథ ఇద్దరి కథ అయిపోయింది. కన్నవాళ్లు కనబడకపోతే ఆ బొమ్మలో మిగిలేది గంభీరంగా కూర్చున్న ఒక వైద్యుడు, అంటే డాక్టర్లకు ఒక ప్రకటన. దానిని నా సొంత క్లినిక్ గోడ మీద పెట్టుకోవడం నాకు తప్పుగా తోచింది.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఈ చిత్రాన్ని ప్రకటనగా వాడుకున్న చరిత్ర నిజంగానే ఉంది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నూరేళ్ల సందర్భంగా 1947లో అమెరికా తపాలా శాఖ దీనిని మూడు సెంట్ల బిళ్ల మీద వేసింది. అక్కడితో ఆగలేదు. అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ ఆరోగ్య బీమా తెస్తానన్నప్పుడు, దానిని వ్యతిరేకిస్తూ అదే అసోసియేషన్ 1949లో ఇదే చిత్రాన్ని పోస్టరుగా అచ్చు వేయించి, ఈ బొమ్మలోకి రాజకీయాలు రానివ్వకండి అన్న అర్థం వచ్చే నినాదం దాని మీద పెట్టింది. వైద్యుడి ఫీజు ఎలా కట్టాలో తెలియని ఒక పేద కుటుంబం బొమ్మను, పేదలకు బీమా వద్దని చెప్పడానికి వాడారు. వైద్య వృత్తిలో ఉన్నవాడిగా ఈ సంగతి నాకు బాధ కలిగిస్తుంది. వెనుక నిలబడ్డ ఆ తండ్రిని సరిగ్గా చూసినవారు ఆ పని చేసి ఉండరని నా నమ్మకం.

మొదటి ప్రింటులో రెండో తప్పు కొలతల్లో ఉంది. కొనేవారు దీనిని తేలికగా తప్పించుకోవచ్చు కనుక కొంచెం వివరంగా చెబుతాను. అసలు చిత్రం వెడల్పును ఎత్తుతో భాగిస్తే దాదాపు 1.45 వస్తుంది. దుకాణాల్లో దొరికే 36కి 24 కొలతలో ఆ నిష్పత్తి 1.5. ఈ చిన్న తేడా పెద్ద నష్టం చేయదు. నష్టం చేసేది అంచు మడత. కాన్వాస్‌ను ఒకటిన్నర అంగుళాల మందం ఉన్న చెక్క చట్రానికి చుట్టి వెనుక బిగిస్తారు. ఆ పక్క అంచుల మీద కూడా బొమ్మే కనబడాలని చిత్రాన్నే నాలుగు వైపులా ఒకటిన్నర అంగుళం చొప్పున మడిచేస్తారు. అంటే 39కి 27 అంగుళాల మేర అచ్చయిన బొమ్మలో మనకు ఎదురుగా కనబడేది 36కి 24 మాత్రమే. లెక్క వేసి చూడండి, చిత్రంలో ఆరో వంతుకు పైగా పక్కలకు వెళ్లిపోతుంది. పూల బొమ్మకో సముద్రం ఫోటోకో ఇది పరవాలేదు. అంచుల దాకా ఆలోచించి వస్తువులు అమర్చిన చిత్రానికి ఇది కత్తిరింపుతో సమానం. నా ప్రింటులో దీపం ఉన్న బల్ల సగం పక్కకు మడతపడి, దీపం చట్రం అంచుకు అతుక్కున్నట్టు కనబడేది.

విక్రేతకు రాశాను. ఫోటోలు పంపమన్నారు, పంపాను. తెర మీద రంగులకూ అచ్చు రంగులకూ తేడా సహజమని జవాబు వచ్చింది. తెర మీద వారు చూపిన బొమ్మలో తండ్రి ముఖం కనబడుతోంది కదా అని అడిగితే మరి సమాధానం రాలేదు. ఆ వ్యవహారాన్ని అక్కడితో వదిలేశాను.

రెండోసారి తొందరపడలేదు. హైదరాబాదులో ఫోటోగ్రాఫర్లకు పెద్ద ప్రింట్లు వేసిపెట్టే ఒక చిన్న స్టూడియో గురించి స్నేహితుడు చెప్పాడు. ఫోన్ చేసి నాకు కావలసింది చెప్పాను: చిత్రం ఒక్క అంగుళం కూడా పోకూడదు, నీడలోని మనుషులు కనబడాలి. అక్కడ పనిచేసే ఆయన మొదట అడిగిన ప్రశ్న, “సార్, ఫైలు ఎంతది?” అని. నాలుగు అడుగుల వెడల్పు ప్రింటు దగ్గర నుంచి చూసినా నిలవాలంటే అంగుళానికి కనీసం 150 చుక్కలైనా ఉండాలని ఆయన లెక్క. 48 అంగుళాలకు 7,200 పిక్సెళ్లు, 33 అంగుళాలకు 4,950. మొత్తం మూడున్నర కోట్ల పైచిలుకు పిక్సెళ్లు. నెట్‌లో మామూలుగా దొరికే రెండు వేల పిక్సెళ్ల బొమ్మను నాలుగడుగులకు సాగదీస్తే గడ్డం వెంట్రుకలు మైనంలా కరిగిపోతాయి. మొదటి ప్రింటులో జరిగింది అదేనని అప్పుడు అర్థమైంది. తగినంత పెద్ద ఫైలు సంపాదించడానికి ఆయనకు నాలుగు రోజులు పట్టింది.

ఆ తర్వాత ఆయన చేసిన పని వల్లే ఈ ప్రింటు నిలబడింది. పూర్తి చిత్రం వేయకముందు, తల్లిదండ్రులు ఉన్న భాగాన్ని మాత్రమే, అసలు వేయబోయే సైజులోనే, అదే కాన్వాస్ మీద, 12కి 8 అంగుళాల ముక్కగా వేసి కొరియర్‌లో పంపాడు. దానికి 400 రూపాయలు తీసుకున్నాడు. మొదటి ముక్కలో ఇంకా నలుపు ఎక్కువగా ఉంది. హాలులో ట్యూబులైటు కింద పెట్టి ఫోటో తీసి, తండ్రి కళ్లు కనబడటం లేదని రాశాను. రెండో ముక్క పంపాడు. అందులో ఆ ముఖం విచ్చుకుంది. ఆ మనిషి కన్నీళ్లు పెట్టుకోవడం లేదు, దేవుడి వైపు చూడటం లేదు. వైద్యుడి ముఖంలో ఏదైనా మార్పు వస్తుందేమోనని చూస్తున్నాడు. నా టేబుల్ అవతల నిలబడే తండ్రులు చూసే చూపు అదే. స్టెతస్కోపు నా చెవుల్లో ఉండగా వాళ్లు బిడ్డ గుండె వైపు చూడరు, నా కనుబొమల వైపు చూస్తారు. ఆ ముక్కను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పూర్తి ప్రింటు వేయమని ఆ సాయంత్రమే చెప్పాను.

వచ్చిన ప్రింటు 48 అంగుళాల వెడల్పు, 33 అంగుళాల ఎత్తు. అంటే పొడవులోనూ ఎత్తులోనూ అసలు చిత్రానికి దాదాపు సరిగ్గా సగం, నిష్పత్తి మారకుండా. చట్రం పక్కల మీదికి చిత్రాన్ని మడవకుండా, ముదురు గోధుమ రంగు అంచు వేయించాను. దాంతో బొమ్మ అంతా ఎదురుగానే ఉంది. కాన్వాస్ నూలు, పాలియెస్టర్ కలిసినది, బరువు సుమారు 380 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 380 గ్రాములు. వేలితో నొక్కితే డప్పు చర్మంలా బిగుతుగా తగులుతుంది. ఇంకులు పిగ్మెంటు రకం. పైన మెరుపు లేని పూత వేయమన్నాను. మెరిసే పూత వేస్తే నలుపు ఇంకా లోతుగా కనబడుతుందని, కాని ఎదుటి ట్యూబులైటు అందులో గీతలా పడుతుందని ఆయన ముందే హెచ్చరించాడు. ఆసుపత్రి హాలుకు మెరుపు లేనిదే సరైనది.

దగ్గరగా నిలబడి చూసినప్పుడు నన్ను కట్టిపడేసినవి మూడు చోట్లు. ఒకటి బిడ్డ చెయ్యి. వేళ్లు పట్టు తప్పి వాలి ఉన్న తీరులో నిద్ర లేదు, నీరసం ఉంది. చూడగానే వైద్యుడి మనసు ఆ బిడ్డ ఊపిరి మీదికి వెళుతుంది. ఆ జబ్బేమిటో చిత్రం చెప్పదు. అయితే అది యాంటీబయాటిక్స్‌కు యాభై ఏళ్ల ముందటి కాలం. న్యుమోనియా వస్తే వారం ప్రాంతంలో ఒక రాత్రి జ్వరం చెమటలు పోసి దిగిపోయేది, లేదా బిడ్డ పోయేది. వైద్యుడు చేయగలిగిందల్లా నీళ్లు తాగించి, ఒళ్లు చల్లబరిచి, పక్కన కూర్చోవడమే. చిత్రంలోని వైద్యుడి దగ్గర స్టెతస్కోపు కూడా కనబడదు. ఆయన చేస్తున్న పని చూడటం. బిడ్డ డొక్కలు ఎగరేస్తోందా, ముక్కుపుటాలు అదురుతున్నాయా, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు అని చూడటం. ఈనాటికీ ఏడాది దాటి ఐదేళ్ల లోపు పిల్లల్లో ఆ లెక్క 40కి చేరిందంటే మేము న్యుమోనియాను అనుమానిస్తాం, ఆ లెక్కకు కావలసింది ఒక గడియారం, ఒక నిమిషం ఓపిక. మా దగ్గర పనిచేసే జూనియర్ డాక్టర్లను ఈ బొమ్మ ముందుకు తీసుకువెళ్లి, ఆయన ఎక్కడ చూస్తున్నాడో గమనించమని చెబుతుంటాను.

రెండోది బల్ల మీది కప్పులో చెంచా. అంచు మీద చిన్న తెల్లటి మెరుపు గీత అసలు చిత్రంలో ఎలా ఉంటుందో ఇక్కడా అలాగే నిలిచింది. మూడోది కిటికీ. మొదటి ప్రింటులో అది పసుపుగా చచ్చిపోయింది. ఇందులో చల్లగా, తెలతెలవారే రంగులో ఉంది. ఉదయం ఆరున్నరకు క్లినిక్ తెరిచేటప్పుడు, ఇంకా లైట్లు వేయకముందు, ఆ కిటికీ రంగూ మా తలుపులోంచి వచ్చే వెలుగు రంగూ దాదాపు ఒకటిగా ఉంటాయి.

లోపాలు లేవని చెప్పను. కాన్వాస్ ప్రింటు ఎంత మంచిదైనా చిత్రానికి చర్మం ఉండదు. నూనె రంగు కుంచెతో వేసినప్పుడు వెలుగు పడే చోట మందంగా, నీడలో పలచగా ఉండే పొర ఇక్కడ లేదు. అన్నిచోట్లా నేత ఒకటే. దీపం తెల్లదనం గుడ్డ తెల్లదనం దగ్గరే ఆగిపోయింది, వెలగదు. కొందరు విక్రేతలు ప్రింటు మీద జిగురు లాంటి పదార్థంతో కుంచె గీతలు పూసి, చేతితో దిద్దినట్టు అమ్ముతారు. దానిని నేను వద్దంటాను. బొమ్మలో ఉన్న గీతలకూ పైన పూసిన గీతలకూ పొంతన ఉండదు. బిడ్డ బుగ్గ మీద చీపురు ఆడించినట్టు ఉంటుంది. చేతితో వేసిన ఆయిల్ కాపీలు కూడా దొరుకుతాయి. నేను చూసిన రెండింటిలోనూ వైద్యుడి ముఖం వేరే మనిషిది. ముఖాల మీద నిలబడే చిత్రానికి నిజాయితీ గల ప్రింటే మేలు.

సముద్రపు ఊళ్లలో ఉండేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. కాకినాడ గాలిలో తేమ ఎక్కువ. జూలైలో వానలు పట్టిన రెండు వారాలకు కాన్వాస్ కుడివైపు కింది మూలన కొద్దిగా వదులై అల కట్టింది. చట్రం లోపలి మూలల్లో చిన్న చెక్క చీలలు ఉన్నాయి. వాటిని చిన్న సుత్తితో మెల్లగా తడితే చట్రం వెంట్రుకవాసి విచ్చుకుని గుడ్డ మళ్లీ బిగుసుకుంది. చౌక చట్రాల్లో ఈ చీలలు ఉండవు, మూలలు జిగురుతో అతికేస్తారు. కొనేముందు అడగవలసిన ప్రశ్న ఇది. వెనుక వేసే స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టని స్టీలువేనా అని కూడా అడగండి. గోడకూ కాన్వాస్‌కూ మధ్య గాలి ఆడేలా కింది రెండు మూలల్లో రబ్బరు బిళ్లలు అతికించాను. ఇంతవరకు బూజు రాలేదు.

ఖర్చు చెబుతాను. ప్రింటు, చట్రం, రెండు నమూనా ముక్కలు, రవాణా కలిపి 8,400 రూపాయలు అయింది. మొదటిదానికి దాదాపు మూడింతలు. అంత పెట్టలేనివారు 24 అంగుళాల వెడల్పులో మంచి మాట్ కాగితం మీద వేయించి, ఊళ్లోనే పటం కట్టించుకోవడం మంచిది. కాగితం మీద నీడలు కాన్వాస్ మీదకంటే తేటగా వస్తాయి. ఏ సైజు తీసుకున్నా తల్లిదండ్రుల భాగం నమూనా చూడకుండా పూర్తి డబ్బు కట్టవద్దు. వేలాడదీసేటప్పుడు నిలబడినవారి కళ్ల ఎత్తుకు కాదు, బెంచీ మీద కూర్చున్నవారి కళ్ల ఎత్తుకు పెట్టండి. పైన ఒక చిన్న పసుపు బల్బు వేస్తే చాలు. తెల్లటి లైటు నేరుగా కొడితే దీపం, వేకువ రెండూ ఒకటైపోతాయి.

ఇది గోడ మీదికి వచ్చాక నేను గమనించిందేమిటంటే, హాలులో కూర్చునేవారిలో వైద్యుడి గురించి అడిగేవారు తక్కువ. చేపల వేటకు వెళ్లేవారి ఊరు ఉప్పాడ నుంచి బిడ్డను తెచ్చిన ఒక తండ్రి, “వాళ్లూ వేటకెళ్లేవోళ్లేనాండీ?” అని అడిగాడు. చిత్రకారుడు చేపలు పట్టేవారి ఇళ్లు చూసి వేశాడని చెబితే, దగ్గరికి వెళ్లి ఆ గది పైకప్పునూ, కిటికీనీ చాలాసేపు చూశాడు. వానల్లో ఒక రోజు, మనవడికి ఆయాసమని తీసుకొచ్చి నెబ్యులైజర్ పెట్టించుకుని కూర్చున్న ఒక మామ్మగారు, నేను గదిలోంచి బయటికి రాగానే బొమ్మ వైపు చెయ్యి చూపించి అడిగింది.

“ఆ పిల్లకి తగ్గిందా బాబూ?”

ఫైల్డ్స్ కొడుకు సంగతి ఆ క్షణంలో గుర్తుకొచ్చింది. కాని ఆయన ఈ బొమ్మలో వేసింది ఆ క్రిస్మస్‌ను కాదు, ఈ వేకువను. “తగ్గింది మామ్మగారూ. అదిగో, కిటికీలో తెల్లారుతోంది చూడండి. జ్వరం దిగింది,” అన్నాను.

“తెల్లారిందంటే గట్టెక్కేసినట్టే,” అని, మనవడికి సిరప్ పట్టే కొలత మూత కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది.